ఒక వైపా, రెండు వైపులా: రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఎలా తేల్చుకోవాలి

బయాప్సీలో క్యాన్సర్ అని తేలిన వారంలోపే చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇది: “ఎలాగూ ఆపరేషన్ చేస్తున్నారు కదా, రెండోది కూడా తీయించేస్తే పీడా పోతుందిగా?” పేషెంటు కంటే ఆమె కూతురో, చెల్లెలో, అమెరికా నుంచి ఫోన్ చేసిన కొడుకో ఎక్కువగా అడుగుతుంటారు. పదే పదే అడుగుతున్నారు కాబట్టి, ఏ వరుసలో ఆలోచించాలో, దేన్ని ఎలా సరిచూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంశపారంపర్య జన్యు మార్పు లేని చాలామందికి పీడ ఉన్నది అవతలి రొమ్ములో కాదు. ఉంటే గింటే, ఇప్పటికే గడ్డ నుంచి రక్తంలోకి జారిపోయిన కణాల్లో ఉంటుంది. వాటిని అందుకునేది కీమో, హార్మోన్ మాత్రలు, హెర్2 (కొన్ని గడ్డల్లో ఎక్కువగా ఉండే ప్రోటీన్) మీద పనిచేసే మందులు. అవతలి రొమ్ము తీసినంత మాత్రాన ఆ కణాలకు ఏమీ కాదు. అన్నీ తెలుసుకున్నాక కూడా రెండూ తీయించుకోవాలనిపిస్తే అది మీ హక్కు, తప్పేం లేదు. తెలుసుకోకముందే సంతకం పెట్టకండి, అంతే.

ముందు చేతిలో ఉండాల్సినవి

- బయాప్సీ రిపోర్టు, దాంతోపాటు ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ హార్మోన్లతో పెరిగే రకమా అని చెప్పేవి), హెర్2 ఫలితాలు
- రెండు వైపులా తీసిన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్. గడ్డ ఉన్న వైపే తీసి ఉంటే సరిపోదు.
- డాక్టరు అవసరమని చెప్పి ఉంటే స్టేజి తెలిపే స్కాన్లు
- అమ్మవైపు, నాన్నవైపు ఎవరెవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిన కాగితం
- జన్యు పరీక్ష ఫలితం, లేదా అది వచ్చే తేదీ
- ఒక నోట్‌బుక్, డాక్టరు గదిలోకి మీతో వచ్చే మనిషి ఒకరు. ఐదుగురు వెళ్తే ఐదు రకాలుగా విని బయటికొస్తారు.

ఇక టైం సంగతి. “రేపే చేయించకపోతే పాకిపోతుంది” అన్న టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయాలే ఎక్కువగా బెడిసికొడతాయి. మామూలు రొమ్ము క్యాన్సర్‌లో ఆలోచించుకోవడానికి కొన్ని వారాలు తీసుకుంటే కొంప మునగదు. రొమ్ము మొత్తం ఎర్రబడి వాచిపోయే రకం వేరు. అందులో ఆలస్యం పనికిరాదు, కానీ అక్కడ కూడా మొదట ఇచ్చేది కీమోనే. నెలలు గడపమని మాత్రం నేను చెప్పడం లేదు.

1. అసలు రొమ్ము మొత్తం తీయాలా, అది ముందు తేల్చుకోండి

“ఒకటా, రెండా” అని గింజుకునేవాళ్లలో కొందరికి ఒకటి కూడా పూర్తిగా తీయనక్కర్లేదు. గడ్డను, దాని చుట్టూ కాస్త మంచి కండను తీసి, రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని లంపెక్టమీ అంటారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి అనే సర్జన్ల బృందాలు పేషెంట్లను 20 ఏళ్లపాటు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించాయి. రొమ్ము మొత్తం తీసినవాళ్లూ, గడ్డ మాత్రమే తీయించుకుని రేడియేషన్ తీసుకున్నవాళ్లూ దాదాపు సమాన కాలం బతికారు.

డాక్టర్ని ఇలా అడగండి: “నాకు గడ్డ మాత్రమే తీయడం కుదురుతుందా? కుదరకపోతే ఎందుకు?” కారణం స్పష్టంగా రావాలి. రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలుండటం, రొమ్ము సైజుతో పోలిస్తే గడ్డ పెద్దది కావడం, గతంలో ఛాతీకి రేడియేషన్ తీసుకుని ఉండటం, ఇవి సరైన కారణాలు. గడ్డ పెద్దదే అయినా ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి అప్పుడు తీయొచ్చా అని కూడా అడగండి.

దూరం కూడా సరైన కారణమే. రేడియేషన్‌కు వారంలో ఐదు రోజులు, ఇప్పుడు చాలాచోట్ల మూడు నాలుగు వారాలు తిరగాలి. ఏజెన్సీ ఊరి నుంచి విశాఖ వెళ్లాల్సినవాళ్లకు, అక్కడ ఉండే చోటు లేనివాళ్లకు అది చిన్న విషయం కాదు. కాకపోతే రొమ్ము మొత్తం తీసినా రేడియేషన్ తప్పుతుందన్న హామీ లేదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంకలోని గ్రంథులకు పాకినా మళ్లీ అవసరం పడొచ్చు. “తీసేస్తే కరెంటు పెట్టరట” అన్న మాట నమ్మి నిర్ణయం తీసుకోకండి.

2. అవతలి వైపు నిజంగా బాగుందో లేదో చూపించుకోండి

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండు వైపులా ఉండాలి. రొమ్ము బాగా దట్టంగా ఉన్నా, జన్యు మార్పు ఉన్నా, లోబ్యులర్ రకం (పాల గ్రంథుల్లో పుట్టే) క్యాన్సర్ అయినా ఎంఆర్ఐ రాయొచ్చు.

ఎంఆర్ఐ ఉన్నవీ లేనివీ అన్నీ చూపిస్తుంది. అవతలి వైపు “అనుమానాస్పదం” అని రాగానే రెండూ తీసేయమని పరుగెత్తవద్దు. ఆ మచ్చకు సూదితో బయాప్సీ చేయించండి. అది మామూలు గడ్డే అయితే మీ నిర్ణయం ఏమీ మారదు. క్యాన్సరే అయితే లెక్కే మారిపోతుంది. అప్పుడు రెండు వైపులకూ విడివిడిగా వైద్యం ఆలోచించాలి, రెండో వైపు కూడా గడ్డ మాత్రమే తీయడం కుదరొచ్చు.

3. చుట్టరికం కాగితం రాసి, జన్యు పరీక్ష అడగండి

ఈ మొత్తంలో ఎక్కువ బరువున్న మెట్టు ఇదే.

ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మన ఇళ్లలో క్యాన్సర్ పేరు ఎవరూ ఎత్తరు. “పెద్దమ్మకు కడుపులో నీళ్లు చేరి పోయింది” అంటారు. అది అండాశయ క్యాన్సర్ అయి ఉండొచ్చు. “మేనత్తకు పుండు పడి మానలేదు” అంటే రొమ్ము క్యాన్సర్ కావచ్చు. నాన్నవైపు చుట్టాలను చాలామంది లెక్కే వేయరు. ఈ మార్పులు నాన్న నుంచి కూడా అంతే సమానంగా వస్తాయి. ఇంట్లో ఏ మగవాడికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే అది పెద్ద గుర్తు. ప్యాంక్రియాస్ క్యాన్సర్ ఉన్నా రాయండి.

పరీక్ష రక్తంతోనో లాలాజలంతోనో చేస్తారు. ఫలితానికి సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. 65 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసులో రొమ్ము క్యాన్సర్ బయటపడిన అందరికీ బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల పరీక్ష చేయించే అవకాశం ఇవ్వాలని అమెరికా క్యాన్సర్ నిపుణుల సంఘాలు 2024లో సూచించాయి. ఖర్చు చూసుకుని ముందు వెనకలు ఆడేవాళ్లు సైతం 50 ఏళ్లలోపు వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని రకం) అని వచ్చినా, కాగితంలో పైన చెప్పిన గుర్తులు ఏవి ఉన్నా గట్టిగా అడగండి. ముందు కీమో ఇచ్చేవాళ్లకు ఆ కొన్ని నెలల్లో ఫలితం తాపీగా వచ్చేస్తుంది.

ఫలితం మూడు రకాలుగా వస్తుంది.

*హానికర మార్పు ఉంది.* బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవాళ్లకు మొదటి క్యాన్సర్ వచ్చాక 20 ఏళ్లలో అవతలి రొమ్ములో కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 40 శాతం. బీఆర్‌సీఏ2కు సుమారు 26 శాతం. ఇక్కడ రెండూ తీయడం గురించి గట్టిగా ఆలోచించాల్సిందే, ముఖ్యంగా చిన్న వయసువాళ్లు. వద్దనుకుంటే ఏటా మామోగ్రామ్, ఎంఆర్ఐలతో కనిపెట్టుకుని ఉండటం రెండో దారి. టీపీ53 అనే మరో జన్యువులో మార్పు ఉంటే రేడియేషన్‌ను వీలైనంత తప్పిస్తారు కాబట్టి లంపెక్టమీ కంటే రొమ్ము తీయడం వైపే మొగ్గుతారు. బీఆర్‌సీఏ ఉన్నవాళ్లు అండాశయాల సంగతి మరిచిపోకూడదు. పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40 నుంచి 45 మధ్య వాటిని తీయించుకోమంటారు. రొమ్ముల గురించి రాత్రింబవళ్లు ఆలోచించి అండాశయాలను వదిలేయడం నేను చూసిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

*అర్థం తేలని మార్పు.* రిపోర్టులో వీయూఎస్ అని ఉంటుంది. దాన్ని చూసి రొమ్ము తీయించుకోకూడదు. ఇలాంటివి చాలావరకు తర్వాత్తర్వాత ప్రమాదం లేనివని తేలతాయి. మనవాళ్లలో వీయూఎస్ కాస్త ఎక్కువగానే వస్తుంటుంది, ఎందుకంటే పోల్చి చూసే సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లది.

*మార్పు లేదు.* అయితే తర్వాతి మెట్టులోని అంకెలు మీవి.

సీహెచ్ఈకే2, ఏటీఎం అనే జన్యువుల్లో మార్పు అని వస్తే మధ్య రకం ప్రమాదం. అవి ఉన్నంత మాత్రాన రెండో వైపు తీసి తీరాలని లేదు. కుటుంబ చరిత్ర కలిపి చూసి జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

4. “మళ్లీ రావడం” అనే మాటను మూడు ముక్కలు చేయండి

ఈ ఒక్క పని చేస్తే సగం గందరగోళం పోతుంది. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి.

మొదటి గడి: ఆపరేషన్ చేసిన చోటే మళ్లీ రావడం. రెండో గడి: ఎముకలకో, లివర్‌కో, ఊపిరితిత్తులకో పాకడం. మూడో గడి: అవతలి రొమ్ములో కొత్త క్యాన్సర్ పుట్టడం.

మీ డాక్టర్ని మూడింటికీ విడివిడిగా అంకె అడిగి గళ్లలో రాయండి. అవతలి రొమ్ము తీస్తే తగ్గేది మూడో గడి ఒక్కటే. ప్రాణం తీసేది ఎక్కువగా రెండో గడి.

జన్యు మార్పు లేనివాళ్లకు మూడో గడిలో అంకె ఏడాదికి అర శాతం లోపే ఉంటుంది. అంటే ఏటా 1,000 మందిలో ఐదుగురి కంటే తక్కువ. ఈఆర్ పాజిటివ్ అయి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు అది ఇంకా దాదాపు సగానికి తగ్గుతుంది. టొరంటో పరిశోధకులు అమెరికా రికార్డుల నుంచి గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్లు, ఒక రొమ్ము తీయించుకున్నవాళ్లు, రెండూ తీయించుకున్నవాళ్లు అని 36 వేల మంది చొప్పున మూడు గుంపులు చేసి పోల్చారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల్లో, రెండోది ఉంచుకున్నవాళ్లలో 20 ఏళ్లలో సుమారు 7 శాతం మందికి అవతలి వైపు క్యాన్సర్ వచ్చింది. రెండూ తీయించుకున్నవాళ్లలో అది బాగా తగ్గింది. రొమ్ము క్యాన్సర్ మరణాలు మాత్రం మూడు గుంపుల్లోనూ 16, 17 శాతం దగ్గరే ఉన్నాయి.

కాబట్టి అడగాల్సిన మాట ఇది: “అవతలి వైపు తీస్తే నేను బతికే కాలం పెరుగుతుందా, కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం మాత్రమే తగ్గుతుందా?” రెండింటికీ విడివిడిగా జవాబు తీసుకోండి. క్యాన్సర్ ఇప్పటికే ఎముకలకో లివర్‌కో చేరి ఉంటే అవతలి రొమ్ము సంగతి పక్కన పెట్టి మందుల మీదే దృష్టి పెట్టాలి.

5. ఇంట్లో పడే తేడాను లెక్కేసుకోండి

డాక్టర్లు దీన్ని ఒక్క ముక్కలో ముగించేస్తారు, “రికవరీ కాస్త ఎక్కువ” అని. ఆ “కాస్త” అంటే ఏమిటో చూడండి.

ఒక వైపు అయితే రెండో పక్కకు తిరిగి పడుకోవచ్చు. రెండు వైపులా అయితే వారాలపాటు వెల్లకిలా, వీపు కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. ఒక వైపు అయితే మంచం అంచు మీదో, కిందో మంచి చేయి ఆన్చి లేస్తారు. రెండు వైపులా అయితే ఆ ఆసరా ఉండదు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే ఇది మొదటి రోజు నుంచే కష్టం. ముందే కమోడ్ కుర్చీ కొని పెట్టుకోండి. జడ వేసుకోవడం, తలమీద నీళ్లు పోసుకోవడం, పై అల్మారా నుంచి డబ్బా తీయడం, అన్నింటికీ ఇంకొకరు కావాలి. వేసుకోవడానికి ముందు బటన్లున్న నైటీలే కుదురుతాయి.

డ్రెయిన్లు కూడా రెట్టింపు. డ్రెయిన్ అంటే గాయంలో చేరే నీటిని బయటికి లాగే ట్యూబు, దాని చివర నొక్కి మూసే చిన్న బుడ్డి. రోజూ ఒకే టైముకు బుడ్డి మూత తీసి, కొలత గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో ఏ వైపుదో రాసి, బుడ్డిని గట్టిగా నొక్కి పట్టుకుని మూత పెట్టాలి. నొక్కకుండా మూస్తే అది లాగదు. వరుసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్ల లోపుకు వస్తే సాధారణంగా తీసేస్తారు. ఒక వైపు ఒకటో రెండో, రెండు వైపులైతే నాలుగు దాకా.

మామూలుగా కోలుకోవడానికి ఒక వైపుకు మూడు నాలుగు వారాలు, రెండు వైపులకు నాలుగు నుంచి ఆరు, రొమ్ము పునర్నిర్మాణం కూడా ఉంటే ఇంకా ఎక్కువ. ఛాతీ మీద స్పర్శ చాలావరకు శాశ్వతంగా పోతుంది. చనుమొన ఉంచి చేసే ఆపరేషన్‌లో కూడా దానికి స్పర్శ మిగలడం అరుదు. ఇక పిల్లలకు పాలివ్వాలనుకునే చిన్న వయసువాళ్లకు రెండూ తీస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. రెండు వైపులా కోస్తే పుండు మానకపోవడం, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు పెరుగుతాయి. క్యాన్సర్ లేని వైపు పుండు మానక, క్యాన్సర్ ఉన్న వైపుకు ఇవ్వాల్సిన కీమో వెనక్కి పోవడం కంటే అన్యాయమైన బేరం ఇంకోటి ఉండదు. “అలా అయితే నా కీమో ఎన్ని వారాలు వాయిదా పడుతుంది?” అని అడగండి.

రెండూ తీయించుకుంటే ఏం లాభం అని కూడా రాయాలి కదా. ఏటా మామోగ్రామ్ టెన్షన్ ఉండదు. రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. బరువైన రొమ్ములున్నవాళ్లకు ఒకటే మిగిలితే మెడ, భుజం లాగుతాయి, రెండూ తీస్తే ఆ బాధ ఉండదు. ఇవి చిన్న కారణాలేం కావు.

6. తర్వాత ఆకారం ఎలా కావాలో ఇప్పుడే చెప్పండి

మూడు దారులున్నాయి. ఏమీ పెట్టించుకోకుండా చదునుగా ఉండటం ఒకటి. ఇలా కావాలనుకుంటే “అదనపు చర్మం వేలాడకుండా చదునుగా మూయండి” అని ముందే చెప్పాలి, లేకపోతే చంక పక్కన మడతలు మిగులుతాయి. బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ము రెండో దారి. గాయం మానేదాకా దూదితో చేసినది, ఆ తర్వాత సిలికాన్‌ది. ఒక వైపే తీయించుకున్నవాళ్లలో చాలామంది దీంతోనే హాయిగా ఉంటారు, చీర కట్టినా తేడా తెలియదు.

పునర్నిర్మాణం మూడోది. రేడియేషన్ పడే వైపు ఇంప్లాంట్ (లోపల పెట్టే సిలికాన్ తిత్తి) చుట్టూ గట్టిపడే ప్రమాదం ఎక్కువ. పొట్ట దగ్గరి కండతో చేసే పద్ధతిలో ఒక చిక్కుంది: పొట్టను ఒక్కసారే వాడుకోగలం. ఇప్పుడు ఒక వైపుకు వాడేస్తే, పదేళ్ల తర్వాత రెండోది తీయాల్సి వస్తే వీపు నుంచో తొడ నుంచో తీసుకోవాలి. జన్యు మార్పు ఉండి, పొట్ట కండతో చేయించుకోవాలనుకునేవాళ్లు రెండూ ఒకేసారి చేయించుకోవడానికి ఇది మంచి కారణం. మిగతావాళ్లకు, ఒక వైపు చేశాక అవతలి రొమ్మును చిన్నది చేసో, పైకి ఎత్తి కుట్టో సమానం చేసే ఆపరేషన్ ఉంది. సమానంగా ఉండాలన్నదే మీ కోరికైతే, రెండోది తీయకుండానే అది తీరుతుందేమో ప్లాస్టిక్ సర్జన్‌ను అడగండి.

7. పథకం, ఇన్సూరెన్సు

ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటారు) రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. క్యాన్సర్ లేని వైపు తీయడం, పునర్నిర్మాణం, జన్యు పరీక్ష వస్తాయో లేదో హాస్పిటల్‌లో ఉండే ఆరోగ్యమిత్రను తేదీ ఖాయం కాకముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్సులో “ముందుజాగ్రత్త ఆపరేషన్” అని రాస్తే తిరస్కరించే అవకాశం ఉంది. అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటిమాట పనికిరాదు.

రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, బంజారాహిల్స్‌లోని బసవతారకం, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ లాంటి చోట్లకు వెళ్లొచ్చు. రిపోర్టులొక్కటే కాకుండా బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో దాచినవి) కూడా తీసుకెళ్లండి. అవి మీవే, అడిగితే ఇస్తారు.

తరచూ జరిగే పొరపాట్లు

హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీని చూసి నిర్ణయించుకోవడం. 2013లో ఆమె రెండూ తీయించుకున్న సంగతి నిజమే. కానీ ఆమెకు అప్పటికి క్యాన్సర్ లేదు, బీఆర్‌సీఏ1 మార్పు ఉంది. మీ లెక్క వేరు.

రెండూ తీశాం కాబట్టి మాత్రలు మానేయడం. ఇది అన్నిటికంటే ప్రమాదం. ఐదేళ్లో పదేళ్లో రాసిన హార్మోన్ మాత్రలు రెండో గడి కోసం, వాటిని ఆపకూడదు.

సున్నా ప్రమాదం అనుకోవడం. రొమ్ము తీసినా చర్మం కింద కాస్త కణజాలం మిగులుతుంది. ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మచ్చ మీద, చంకలో కొత్తగా ఏదైనా తగిలితే చూపించుకోవాల్సిందే.

“ఇప్పుడే చేయించుకోవాలి, మళ్లీ కుదరదు” అనుకోవడం. రెండోది తర్వాత ఎప్పుడైనా తీయించుకోవచ్చు. తీసేసినదాన్ని మాత్రం తిరిగి పెట్టలేరు. ఎటూ తేలకపోతే ముందు క్యాన్సర్ ఉన్న వైపు ముగించి, కీమో అయ్యాక ఏడాదికి మళ్లీ ఆలోచించండి.

అత్తగారో, ఆడపడుచో, మీ ఆయనో నిర్ణయించడం. వాళ్ల భయం నిజమైనదే. అయినా సంతకం మీది.

నిర్ణయం కుదిరిందో లేదో ఇలా సరిచూసుకోండి

నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: “నేను ఫలానా ఆపరేషన్ చేయించుకుంటున్నాను, ఎందుకంటే…” దాన్ని నాలుగైదు రోజులు పక్కన పెట్టి మళ్లీ చదవండి. “ఎందుకంటే” తర్వాత “క్యాన్సర్ ఒంట్లోకి పాకకుండా” అని ఉంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి. “నాకు బీఆర్‌సీఏ1 ఉంది”, “ఏటా స్కాన్ భయం భరించలేను, బతికే కాలం పెరగదని తెలుసు”, “ఒకటి చాలు, కీమో ఆలస్యం కావడం నాకిష్టం లేదు”, వీటిలో ఏది ఉన్నా నిర్ణయం మీ చేతుల్లోనే ఉన్నట్టు.

తర్వాత ఆ వాక్యాన్ని సర్జన్‌కు వినిపించండి. ఆయన తల ఊపితే సరిపోదు, ఇందులో తప్పేమైనా ఉందా అని అడగండి.

అనుమతి పత్రంలో ఏ వైపు, ఏ ఆపరేషన్, చంకలో ఏం చేస్తారు, పునర్నిర్మాణం ఉందా లేదా, ఇవన్నీ మాటల్లో రాసి ఉండాలి. ఇంగ్లిష్ రాకపోతే చదివి తెలుగులో చెప్పమనండి. “అవసరమైతే రెండో వైపు కూడా” లాంటి ముక్క కనిపిస్తే, మీరు ఒప్పుకోనిదైతే కొట్టేయించండి. ఆపరేషన్ పొద్దున థియేటర్‌కు తీసుకెళ్లకముందే సర్జన్ మీ ఒంటి మీద మార్కర్‌తో గుర్తు పెడతారు. మీరు మెలకువగా ఉండగానే ఆ గుర్తు సరైన వైపు ఉందో లేదో చూసుకోండి. ఒక వైపే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి రోజునే అవతలి వైపుకు వచ్చే ఏడాది మామోగ్రామ్ ఏ నెలలో తీయించాలో ఫైల్ మీద రాయించుకోండి.